రేజరు పలికెడి సాక్ష్యము

స్త్రీకి సేఫ్టీ రేజరుతో ఏమి పని యని నన్నడిగిన సోదరీమణులు కొందఱు కలరు. గడ్డము గీసికొనువారు పురుషులే. కాని వారు గతించిన పిమ్మట ఆ షేవింగు సెట్టు ఎవరి చేతికి వచ్చుచున్నది? ఇల్లు సర్దెడి ఇల్లాలి చేతికే కదా! దానిని పారవేయుటయో, పాతసామానులవానికి తూచి యిచ్చుటయో, భద్రపఱచుటయో నిర్ణయించునది ఆమెయే. మా మామగారి రేజరు విషయమున అట్టి నిర్ణయము నాపై పడినప్పుడు నేను భద్రపఱచితిని. పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరులలోని పాతసామానుల అంగళ్లయందును, బంధువుల అటకలమీదను 12 ఏండ్లలో దొరకినవి దానితో చేరి నేటికి 17 అయినవి. వానిలో వెలగలవి రెండో మూడో. అయినను వానిని పరీక్షించుటవలన నాకొక విద్య అబ్బినది. అది రేజరులకే కాక మన ఇండ్లలోని పాతవస్తువులన్నిటికిని పనికివచ్చునని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ వస్తువు అంత ప్రాచీనమైనది కాదు. పూర్వము మన గ్రామములలో నాయీబ్రాహ్మణులు పొది చంకన బెట్టుకొని ఇంటింటికిని వచ్చెడివారు. పెండ్లిలో నాదస్వరము వాయించు చేతులే తెల్లవారుజామున కత్తిపట్టి, చిన్న గాటైనను పడకుండ పనిచేసెడివి. అంతటి నేర్పు లేనివారు కూడ తమ గడ్డమును తామే గీసికొనుటకు వీలైన సాధనమునకై పాశ్చాత్యులు చిరకాలము యత్నించిరి. అమెరికాలో కాంప్ఫే సోదరులు 1880లో పేటెంటు పొందిన రేజరునకు అంచున రక్షణ యుండెను గాని, దాని అలుగును మాటిమాటికి నూరుకొనవలసియే యుండెను. కింగ్ క్యాంప్ జిల్లెట్ అను వర్తకుడు, మొక్కవోయినతోడనే పారవేయదగిన పలుచని ఉక్కురేకును తలపోసెను. అంత పలుచని రేకునకు పదును నిలుచుట దుస్సాధ్యమని తెలిసినవారు పెదవి విఱువగా, విలియం నికర్సన్ అను యంత్రశిల్పి దానిని సాధించెను. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజరులును, 168 బ్లేడులును మాత్రమే. మఱుసటి యేట రేజరుల సంఖ్య 90 వేలు దాటెను. ఆ 1904 నవంబరు 15వ తేదీననే జిల్లెట్టునకు పేటెంటు లభించెను. పాఠకురాండ్రు ఈ తేదీని గుర్తుంచుకొందురు గాక. ముందు దీనితో పని యున్నది.

పరీక్షలలో మొదటిది కాలమునకు సంబంధించినది. ఆదోనిలో ఒక వర్తకుడు నాకొక రేజరును చూపి, అది మన్రోదొర చేతిదని చెప్పి, పెద్ద వెల యడిగెను. సర్ థామస్ మన్రో 1827 జూలై 6న మా పత్తికొండలోనే కలరా సోకి మరణించెను. ఆయన పేరు ఈ సీమలో నేటికిని వినవచ్చును గనుక, ఆ పేరు చెప్పిన వస్తువునకు వెల పెరుగునని వర్తకుని ఆశ. ఆయన మరణించిన 77 ఏండ్లకు గాని పేటెంటు పొందని వస్తువును ఆయన ఎట్లు వాడియుండును? ఈ మాట యడుగగానే అతడు నవ్వి వెల తగ్గించెను; నేను కొంటిని. పాతవస్తువునకు అంటగట్టిన పేరు ఎంత పెద్దదైన, పరీక్ష అంత గట్టిది కావలెను.

రెండవది ముద్రలను చదువుట. పెక్కు జిల్లెట్ రేజరులపై 1904 నవంబరు 15 అను తేదీ కనబడును. అది పేటెంటు తేదీయే గాని, ఆ రేజరు తయారైన తేదీ కాదు. అటుపిమ్మట పెక్కేండ్లు ఆ సంస్థ దానిని ముద్రించుచునే యుండెను. తాళపత్రములు చూచినవారికి ఈ చిక్కు క్రొత్త కాదు. లేఖకుడు మూలప్రతిలోని సంవత్సరమును కూడ ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాయును. దానినిబట్టి ఆ తాటియాకు సైతము అంత పాతదనుకొనుట పొరపాటు. నాకు ఇంట కావ్యపాఠము చెప్పిన మా తండ్రిగారు ఈ సంగతి హెచ్చరింపక ఏ ప్రతిని నా చేతికిచ్చెడివారు కారు. తయారైన కాలమును తెలుపు గుర్తులు వేఱుగా నున్నవి. తొలినాటి బ్లేడునకు మూడు గుండ్రని రంధ్రములు మాత్రమే యుండెను. నడుమ పొడవైన చీలిక గల బ్లేడు 1930లో వచ్చినది. 1950 దాటిన పిమ్మట అమెరికాలో తయారైన జిల్లెట్ రేజరులపై ఒక అక్షరమును, ఒక అంకెయు కలిసి కనబడును. అక్షరము సంవత్సరమును, అంకె ఆ సంవత్సరమున ఎన్నవ మూడునెలలో అన్నదానిని తెలుపును. ఏ అనగా 1955, బీ అనగా 1956. ఈ వరుసను నా యొద్దనున్న డీ-3 గుర్తు గల రేజరు 1958 జూలై, సెప్టెంబరుల నడుమ పుట్టినది. సంతలో కూరగాయలతో పాటు దొరకిన వస్తువు తన పుట్టినకాలమును తానే చెప్పుట చూడగా ఎంత ముచ్చట!

మూడవది శరీరపరీక్ష. ఆనాటి మేలురకపు జిల్లెట్టు తల ఇత్తడిది. దానిపై నికెలుపూతయో, బంగారుపూతయో యుండును. నేటి చవుక రేజరులు పెక్కింటి తల జింకుమిశ్రమముతో పోతపోసినది. ఈ రెంటిని అయస్కాంతము లాగదు గనుక దానివలన తేలునది ఇనుపనకలు మాత్రమే. నీటిపరీక్ష మేలు. సన్నపు తూనికయంత్రముపై గ్లాసెడు నీళ్లుంచి, అంకె సున్నకు తెచ్చి, రేజరు తలను దారమున కట్టి, అడుగున తగులకుండ నీట వ్రేలాడదీయవలెను. అప్పుడు కనబడు బరువు ఆ లోహము ప్రక్కకు నెట్టిన నీటి బరువు. 34 గ్రాముల ఇత్తడి సుమారు 4 గ్రాముల నీటిని నెట్టును. అంతే బరువు గల జింకుమిశ్రమము 5 గ్రాములకు పైగా నెట్టును. బోలుపిడిని దీనికి చేర్చరాదు. లోని గాలి లెక్కను తప్పించును.

మెఱుపును మాత్రము ఎన్నడును నమ్మరాదు. తొలకరి పడగానే మా ప్రక్కనున్న జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రములు వెదకువారికి ఈ నీతి తెలియును. తళతళలాడు పలుగురాళ్లు దోసెడు దొరకును, వజ్రము దొరకుట అరుదు. రేజరును మఱల మెఱుగుపెట్టి పూత వేయించినచో అక్షరముల అంచులు కరగి మొద్దుబాఱును, పిడిమీది సన్నని గాట్లు పూడిపోవును. పాతదానికి పట్టుకొన్నచోటనే అరుగుదల యుండవలెను. వ్రేళ్లు తగులని మూలలలో పూత నిలిచియుండవలెను. అంతటను సమానముగా అరిగినదియు, ఎక్కడను అరుగనిదియు సందేహింపదగినవే. ఇత్తడిచెంబువలె దీనిని చింతపండుతో తోమితిమా, ఉన్న పూతయు ఊడిపోవును. గోరువెచ్చని నీరు, కొంచెము సబ్బు, మెత్తని కుంచె, పొడిగుడ్డ. ఇంతకు మించిన సేవ అక్కఱలేదు.

ఈ పరీక్షలన్నియు వినోదమునకే యని నేనును కొంతకాలము తలచియుంటిని. నిరుడు మా వీధిలోని ఒక యామె చీరచెఱగున మూటగట్టి ఒక రేజరును తెచ్చినది. భర్త పోయి మూడేండ్లయినది. టమాటాచేనుపై వచ్చెడి రాబడితో కుమార్తెను చదివించుచున్నది. రేజరు భర్త తాతగారిదట. దాని ఛాయాచిత్రమును చరవాణిలో చూచిన యెవరో, అది 1904 నాటి బంగారు రేజరనియు, 12 లక్షలకు కొందుమనియు, ముందుగా నమోదు రుసుము క్రింద 8 వేల రూపాయలు పంపవలెననియు చెప్పిరట. ఆ 8 వేలు కుమార్తె కళాశాల రుసుమునకై దాచినవి. "అయ్యవారమ్మా, ఇది బంగారమేనా? పంపమంటావా?" అని ఆమె అడిగినది.

నేను దానిని విప్పి చూచితిని. తలపై 1904 తేదీ యుండెను, అది పేటెంటుదే. తల ఇత్తడిది, పచ్చగా కనబడునది బంగారము కాదు, నికెలు ఊడి బయటపడిన ఇత్తడియే. పిడి అల్యూమినియముది, వేఱొక రేజరునుండి తెచ్చినది. మర సరిగా పట్టనందున ఎవరో నూలుదారము చుట్టి బిగించియుండిరి. వేఱువేఱు రేజరుల భాగములను కూర్చిన ఇట్టిదానిని సంగ్రహించువారు అసలైనదిగా ఎంచరు. దీనికి కొన్ని వందలు వచ్చిన వచ్చును గాని, లక్షలు రావని చెప్పవలసివచ్చినది. ఆమె ముఖము చిన్నబోవుట చూచి నాకు కష్టము కలిగినది. ఆశపడినవారి యెదుట సత్యము చెప్పుట తేలిక కాదు. కాని ఆ పూట నేను మొగమాటపడినచో ఆ 8 వేలును పోయెడివే.

కొనువాడు మనకు డబ్బు పంపవలెను గాని, మననుండి ముందుగా రుసుము అడుగుట యెక్కడి న్యాయము? పాతనోట్లు, నాణెముల పేర ఇట్టి మోసములు ప్రబలగా, తన పేరు చెప్పి రుసుములు వసూలు చేయువారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టు 4న ప్రకటించెను. ఎవరైన డబ్బు పంపి మోసపోయినచో, సిగ్గుపడి దాచక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన, ఆ సొమ్ము చేతులు మాఱకుండ ఆపుటకు అంత అవకాశము.

ఆమె డబ్బు పంపలేదు. వెళ్లబోవుచు, "అయితే ఇది దొంగసరుకా?" అని అడిగినది. ఆ ప్రశ్న నన్ను నిలిపివేసినది. కాదంటిని. తాతగారి రేజరు పిడి విఱిగినది. ఆ ఇంట క్రొత్తది కొను శక్తి లేదు. ఎవరో మఱొక పిడి తెచ్చి, దారము చుట్టి, పని జరుపుకొనిరి. ఇందులో మోసమేమున్నది? బ్రౌనుదొర కడపలో పండితులను నియమించి తెలుగు ప్రతులను సరిపోల్చించినప్పుడు ఒక్కొక్క కావ్యమునకు ఎన్ని ప్రతులో అన్ని పాఠములు బయటపడెను. పోయిన యాకునకు బదులు వేఱొక ప్రతినుండి పద్యములెత్తి చేర్చిన లేఖకుడు దొంగ కాడు, గ్రంథమును బ్రతికించినవాడు. తన పద్యమునకు మహాకవి పేరు తగిలించినవాడే దొంగ. వస్తువు ఎన్నడును అబద్ధమాడదు. దానిని గూర్చి పలికెడి నోరే ఆడును. ఆ రేజరునకు 1904 అనియు బంగారమనియు పేరుపెట్టినంతవఱకే అది బూటకము. తాతగారిదనియు, అతుకుపెట్టినదనియు చెప్పినచో అది నూటికి నూరుపాళ్లు నిజమైనది.

కనుక సోదరీమణులకు నా మనవి. మీ ఇంట పాత రేజరే యుండనిండు, కుంకుమభరిణెయే యుండనిండు, ఒక కాగితముపై అది ఎవరిదో, ఎప్పుడు ఎచ్చట కొన్నదో, ఏ భాగము ఎప్పుడు మార్చినదో తెలిసినవారు బ్రతికియుండగనే వ్రాసి దానితో నుంచుడు. పాత బ్లేడు లోపల చిక్కియుండినచో ముందుగా తీసి, పిల్లల చేతికందని డబ్బాలో వేయుడు. వెల యెంతయో తరువాత తెలిసికొనవచ్చును. సాక్ష్యము పోయిన మఱల రాదు. ఆ యమ్మాయి రుసుము చెల్లించి కళాశాలలో చేరినది. రేజరుపెట్టెలో ఇప్పుడొక చీటి యున్నది. దానిపై ఆ పిల్ల తన చేవ్రాతతో "తల తాతగారిది, పిడి ఎవరిదో తెలియదు, దారము మా నాయన చుట్టినది" అని వ్రాసినది.