ఎవరితో వచ్చావు?

గుత్తిలో బస్సు దిగి కోటకి దారి అడిగితే ఎవరైనా చెప్తారు. కొండ ఊరంతా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి చెయ్యెత్తి చూపిస్తే చాలు. రాత్రి ఉండటానికి చోటు అడిగితే మాత్రం జవాబు కంటే ముందు ఒక ప్రశ్న వస్తుంది. "ఎవురితో వచ్చినావమ్మా?"

నేను ఒక్కదాన్నే వెళ్ళాను. థామస్ మన్రో గురించి ఈ ప్రాంతపు ఆడవాళ్ళు ఏం చెప్పుకుంటారో రికార్డు చెయ్యాలని నా ఆలోచన. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, 1807 దాకా మన్రో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా జనం నోళ్ళలో నిలిచిపోయాడు. అయితే ఆయన మీద నేను చదివిన రాతలు దాదాపు అన్నీ మగవాళ్ళవే. దొరల ఉత్తరాలు, గెజెటీర్లు, రైత్వారీ మీద చర్చలు. పట్టా మొగుడి పేరు మీద రాసుకున్నాక, ఆ చేలో కలుపు తీసిన ఆమె ఆ దొర గురించి ఏమనుకుని ఉంటుంది? ఆమె మనవరాళ్ళకూ ముని మనవరాళ్ళకూ ఏమైనా చెప్పి ఉంటుందా?

అనంతపురం నుంచి గుత్తికి యాభై కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. నాతోపాటు పరిశోధన చేసిన మగ మిత్రులు అలాగే వెళ్ళొచ్చేవాళ్ళు. కానీ ఆడవాళ్ళు నాలుగు మాటలు మాట్లాడే తీరిక రాత్రి అన్నాలు తిని, గిన్నెలు తోముకున్నాకే. కొండ ఎక్కడానికి కూడా, ఈ ఎండల్లో, తెల్లవారకముందే బయల్దేరాలి. కాబట్టి ఊళ్ళో రాత్రి ఉంటేనే నా పని.

తెలిసినవాళ్ళు నాకు మూడు దారులు చెప్పారు. బస్సులు ఆగే చోట లాడ్జి. సిఫారసు ఉంటే ప్రభుత్వ బంగళా. లేకపోతే ఎవరైనా ఎరిగినవాళ్ళ ఇల్లు. ఏది ఎంచుకుంటావన్నారు. ఎంచుకోవడం నా చేతిలోనే ఉందనుకుని బయల్దేరాను.

మొదట లాడ్జికి వెళ్ళాను. కౌంటర్లో కుర్రవాడు మర్యాదగానే ఉన్నాడు. నా గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. పేరు ముందు డాక్టర్ అని ఉండటం చూసి, "ఏ ఆస్పత్రి మేడం?" అన్నాడు. సాహిత్యంలో డాక్టరేట్ అని చెప్పాను. ఎవరితో వచ్చారన్నాడు. ఎవరితోనూ రాలేదన్నాను. "ఒక్క లేడీస్‌కి గది ఇయ్యము మేడం. మా ఓనరు తిడతాడు. సారును పిల్చుకొని రాండి, ఇస్తాం" అన్నాడు. నా వెనక నిలబడ్డ మగమనిషిని ఎవరితో వచ్చావని అడగలేదు. ఊరు రాయమని రిజిస్టరు తోశాడు, అంతే.

ఒంటరి స్త్రీకి గది ఇవ్వకూడదని చెప్పే చట్టమేదీ మన దేశంలో లేదు. ఆ మాట నాకు తెలుసు. సాయంత్రం ఆరింటికి, భుజాన సంచీతో, ఊరు కాని ఊళ్ళో నిలబడి ఆ మాట గట్టిగా అనడానికి కావలసిన ధైర్యం మాత్రం ఆ రోజు నాకు లేకపోయింది.

విచిత్రమేమంటే, గుత్తి బాటసారికి చోటు ఇవ్వడాన్నే జ్ఞాపకచిహ్నంగా పెట్టుకున్న ఊరు. 1827 జులై 6న, మద్రాసు గవర్నరుగా చివరిసారి ఈ జిల్లాలు చూసిపోదామని వచ్చిన మన్రో, పత్తికొండలో కలరాతో చనిపోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి కొండ కింద తెల్లవాళ్ళ శ్మశానంలో పాతిపెట్టారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఆయన గుర్తుగా పత్తికొండలో తోపు వేసి మెట్లబావి కట్టించారు. గుత్తిలో సత్రం కట్టించారు. కలెక్టరుగా ఉన్నప్పుడు ఏళ్ళ తరబడి గుడారాల్లో తిరుగుతూ పని చేసినవాడికి, దారినపోయేవాళ్ళు తలదాచుకునే ఇల్లు తగిన గుర్తే.

అదే కాలంలో, 1830, 31లలో, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి పోయి వచ్చి మన భాషలో తొలి యాత్రాచరిత్ర ఇచ్చాడు. ఏ మజిలీలో ఏ వసతి ఉంది, ఎక్కడ బ్రాహ్మణుల ఇళ్ళున్నాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, అన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు. ఆయన పరివారంలో ఇంటి ఆడవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ పుస్తకం ఇష్టం. కానీ ప్రతి మజిలీ దగ్గరా ఆ ఆడవాళ్ళు ఎక్కడ పడుకున్నారో, ఎక్కడ స్నానం చేశారో, నెలసరి రోజుల్లో ఎలా గడిపారో వెతుక్కుంటూ చదువుతాను. వసతి ఎంచుకున్నది ఒకరు, అందులో సర్దుకున్నది మరొకరు.

సత్రాలు కట్టించిన ఆడవాళ్ళు మనకు లేకపోలేదు. 17వ శతాబ్దం చివర మధురను ఏలిన మన నాయక రాణి మంగమ్మ పేరు మీద సత్రం ఆ ఊరి రైల్వేస్టేషన్ ఎదుట ఇప్పటికీ ఉంది. చోటు ఇవ్వగల పుణ్యం స్త్రీకి దక్కింది. ఒంటరిగా వచ్చి చోటు అడిగే హక్కు దగ్గరే చిక్కంతా. 1929లో వర్జీనియా వుల్ఫ్ రాసుకోవడానికి గది అడిగింది. ఇంట్లో మన గది గురించి మనం చాలా రాసుకున్నాం. ఊరు కాని ఊళ్ళో, ఒక్క రాత్రికి, మన పేరు మీద తీసుకునే గది గురించి అంతగా రాసుకోలేదు.

ఆ రాత్రి నన్ను కాపాడింది ఒక ఫోను. అనంతపురంలో ఉన్న ఒక స్నేహితురాలి భర్త, తనకు తెలిసిన అధికారితో చెప్పి ఒక శాఖ వారి బంగళాలో గది ఇప్పించాడు. దొరలు పర్యటనల కోసం కట్టించుకున్న బంగళాల పద్ధతిలో ఎత్తైన కప్పు, వెడల్పాటి వరండా. వాచ్‌మన్ రిజిస్టర్లో నా పేరుకి ముందు ఆ అధికారి పేరు రాశాడు. తలుపు గడియ గట్టిదే. భయం లేకుండా పడుకోవచ్చు. కానీ నేను కలవాలనుకున్న ఆడవాళ్ళలో ఒక్కరూ ఆ గేటు దాటి రాలేదు. "ఆఫీసర్ల బంగళాకి మేమెందుకొస్తాం మ్మా" అన్నారు. చీకటి పడ్డాక నేను బయటికి వెళ్తానంటే వాచ్‌మన్ ఒప్పుకోలేదు. "సార్ నన్నడుగుతాడు" అన్నాడు. నన్ను దాచిపెట్టమని కదా ఆయనతో చెప్పింది!

చేతిలో ఉన్న పుస్తకం చదువుతూ కూర్చున్నాను. మెక్సికోను స్పెయిన్ ఏలిన కాలపు కవయిత్రి సోర్ హువానా ఇనెస్ దె లా క్రూస్ గురించి. 1669లో ఆమె మెక్సికో నగరంలో సాన్ హెరోనిమో కాన్వెంటులో చేరింది. పెళ్ళి మీద మనసు లేక, చదువుకు ఆటంకం లేని బతుకు కోరి చేరానని 1691లో ఒక బిషప్పుకు రాసిన జవాబులో తనే చెప్పుకుంది. చదువుకోవడానికి ఆమె ఎంచుకోగలిగిన చోటు అది. అక్కడ పుస్తకాలు పోగుచేసింది, నాటకాలు రాసింది. చివరికి మతపెద్దల ఒత్తిడి మధ్య ఆ పుస్తకాలనే వదులుకుంది. ఆ దేశంలో అప్పటి కాన్వెంట్లు కొన్ని ఇప్పుడు యాత్రికులు దిగే హోటళ్ళు. వహాకా నగరంలో 1576లో సన్యాసినుల కోసం స్థాపించిన శాంటా కాటలీనా కూడా అంతే. చరిత్ర ఉన్న గోడల మధ్య నిద్రపోవచ్చునని యాత్రికులు ముచ్చటపడి దిగుతారు. ఆ గోడలు ఎవరిని లోపల ఉంచడానికి కట్టారో బంగళా గదిలో కూర్చున్న నాకు బాగా అర్థమైంది.

మర్నాడు మూడో దారి పట్టాను. ఒక విద్యార్థిని వాళ్ళ ఇల్లు, కోట కిందే. వాళ్ళ అవ్వ అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. "ఒగదానివే వచ్చినావా పాపా?" అంది. ఆ ప్రశ్నే. కానీ జవాబు కోసం ఆగలేదు. "కాళ్ళు కడుక్కో పో, సంగటి తిందువు" అంది.

ఆ ఇంట్లో నాలుగు రాత్రులు ఉన్నాను. ఇల్లు అంటే ఉచితం కాదు. పొద్దు గూకేసరికి రావాలి. పెళ్ళెందుకు కాలేదో ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాలి. కోడలు వంటింట్లో ఉంటే నేను నోట్సు రాసుకుంటూ కూర్చోవడానికి మనసొప్పదు. నా పనిలో సగం గంటలు ఊరిబిండి నూరడానికీ, పిల్లల చేత ఎక్కాలు చెప్పించడానికీ పోయాయి. ఆ మాట ఏ పరిశోధనా నివేదికలోనూ రాయలేదు. కానీ గిన్నెలు తోముకున్నాక పక్కిళ్ళ ఆడవాళ్ళంతా ఆ వాకిట్లోకే వచ్చారు. రికార్డరు పెట్టమని వాళ్ళే అడిగారు.

మన్రో గురించి అడిగితే అవ్వకు పెద్దగా తెలియదు. సత్రం అనగానే మాత్రం తలెత్తింది. "ఆ సత్రంలో మాయట్లాంటోళ్ళకు జాగా ఉండెనా?" అని నన్నే అడిగింది. ఆ కాలపు సత్రాలు చాలావాటిలో కులాన్ని బట్టే వంటా, పంక్తీ, పడకా. వీరాస్వామయ్యను చదివినప్పుడు ఆడవాళ్ళ కోసం వెతికిన నేను, ఆ సత్రం గురించి నా నోట్‌బుక్కులో రాసుకున్న ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు.

లాడ్జిలో జరిగింది కోపంగా చెప్పాను. విని నవ్వింది. వానలు మొగం చాటేసిన ఏళ్ళలో కొడుకూ కోడలితో కలిసి బెంగుళూరికి కూలికి పోయిందట. "పట్ట కట్టుకొని రోడ్డు పక్కనే పండుకుంటిమి. ఎవురితో వచ్చినావని మమ్మల్ని ఎవురూ అడగల్యా. గది అడిగినోళ్ళనే కద పాపా అడిగేది" అంది.

నా కోపం తప్పని ఆమె అనలేదు, నేనూ అనుకోవడం లేదు. కానీ ఆ ప్రశ్న పరువున్న ఆడదానికే వేస్తారనీ, కట్టేవాళ్ళ కోసం అసలు తలుపే ఉండదనీ నాకు ఆ వాకిట్లో తెలిసింది. సోర్ హువానాకు కాన్వెంటులో సేవ చెయ్యడానికి తల్లి ఇచ్చిన బానిస స్త్రీ ఒకామె ఉండేది. పుస్తకంలో ఆ వాక్యం ముందు రోజు రాత్రే చదివాను. చదివి పేజీ తిప్పేశాను.

ఐదో రోజు తెల్లవారుజామున ఆ ఇంటి అమ్మాయి నాతో కోట ఎక్కింది. పుట్టినప్పటి నుంచీ కొండ కిందే ఉన్నా పైదాకా రావడం తనకదే మొదటిసారి. "మేడం వాళ్ళతో పోతాండా" అని చెప్తే ఇంట్లో ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజూ నేనే ఆమెకి "ఎవరితో" అన్నదానికి జవాబయ్యాను.

ఇప్పుడు పరిశోధన మొదలుపెట్టిన అమ్మాయిలు ఫోన్ చేసి, గుత్తిలో ఎక్కడుంటే మంచిది మేడం అని అడుగుతుంటారు. ముందు రోజే లాడ్జికి ఫోన్ చేసి నీ పేరు మీద గది అడుగు అంటాను. ఇవ్వమంటే కారణం కాగితం మీద రాసిమ్మను. రాసివ్వరు. కొన్నిసార్లు గది ఇస్తారు. ఎవరి ఇంట్లోనైనా ఉంటే తిండికీ శ్రమకీ డబ్బు ఇవ్వు. వద్దంటే ఆ ఇంటి ఆడమనిషి చేతిలో పెట్టు. నువ్వు పడుకున్న చోట, నీకోసం మంచం ఖాళీ చేసి నేల మీద పడుకున్నది ఎవరో కూడా నోట్సులో రాసుకో. నేను రాసుకోలేదు. అది ఆ కోడలని ఇప్పుడు రాస్తున్నాను.