పద్దుకు పెట్టే ఖర్చు

ఏమండీ, కొట్టు కట్టేసే వేళయిందా? అయితే ఆ స్టూలు ఇటు లాక్కోండి. కోల్‌కతా కబుర్లు నాలుగు చెప్పాలి. రసగుల్లా గురించి కాదు, పద్దుల గురించి. అదిగో, మొహం అలా పెట్టకండి మరి! ఇందులోనూ మిఠాయి ఉంది, కాస్త ఓపిక పట్టండి.

ఏప్రిల్ నడిమిలో, 14నో 15నో, బెంగాలీలకు పొయిలా బొయిశాఖ్ వస్తుంది. వాళ్ల సంవత్సరాది. ఆ రోజు పొద్దున్నే కాళీఘాట్ గుడి ముందు చూడాలి వర్తకుల సందడి! బుట్టలో లక్ష్మీ వినాయకుల బొమ్మలు, చంకలో కొత్త పద్దు పుస్తకం. మొదటి పేజీ మీద సింధూరంతో స్వస్తిక వేయించుకోనిదే కొత్త లెక్క మొదలుకాదు. దీన్ని హాల్‌ఖాతా అంటారు. సాయంత్రం పాత ఖాతాదారులు కొట్టుకొస్తారు. పూర్తిగానో కొంతో బాకీ కడతారు. మిఠాయి పొట్లం, గోడ క్యాలెండరు పుచ్చుకుని నవ్వుతూ వెళ్తారు. ఎంత చక్కటి ఏర్పాటండీ! బాకీల కోసం గుమాస్తాని వీధి వీధీ తిప్పే ఖర్చు ఒక్క మిఠాయి పొట్లంతో ఎంత తగ్గిపోతుందో చూడండి.

ఆ పుస్తకం సంగతి చెప్పలేదు కదూ! ఖేరో అనే ముతక ఎర్రగుడ్డ అట్ట, చుట్టి కట్టడానికి పొడుగాటి దారం. చేతిలోకి తీసుకుంటే రాయబుద్ధేస్తుంది. సత్యజిత్ రాయ్ తన సినిమాల స్క్రిప్టులు, బొమ్మలు, పాత్రల దుస్తుల వివరాలు ఈ ఎర్రట్ట పుస్తకాల్లోనే రాసుకునేవారు. కిరాణా కొట్టు పుస్తకంలో ప్రపంచ సినిమా! అంతకన్నా గౌరవం ఏ పద్దు పుస్తకానికి దక్కింది చెప్పండి?

కోల్‌కతా బడాబజార్ మార్వాడీల పద్దు పుస్తకం, బహీది ఇంకో అందం. కాగితాన్ని నిలువుగా మడతలు పెట్టి విప్పుతారు. ఆ మడత గీతలే గళ్లు. రూళ్లకర్రతో పనిలేదు, అచ్చు ఖర్చు లేదు. రోకడ అనే నగదు పుస్తకంలో ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. మన పెద్దలు చిట్టా, ఆవర్జా అని రెండు పెట్టుకున్నట్టే వీళ్లూ రోజు లెక్క ఒకచోట, మనిషి మనిషి ఖాతా ఇంకోచోట రాసేవారు. రాత్రి రోకడ తేలిందాకా పెట్టె మూసేవారు కాదు.

బిర్లాలు కూడా ఈ గడ్డ మీద ఎదిగినవాళ్లే. వాళ్ల పర్తా పద్ధతి పేరు విన్నారా? ఏ రోజు లాభనష్టం ఆ రోజే తేల్చి, ముందు అనుకున్న అంకెతో పోల్చి చూసుకోవడం. అంత పెద్ద మిల్లులు రోజూ చూసుకుంటే, ఒక షట్టరు కొట్టున్న మీరు మార్చి నెలాఖరు దాకా ఆగుతారేమండీ?

నా గోలంతా అదే! ఏడాది బిల్లులన్నీ సంచీలో కుక్కి, ఆడిటరు గారి బల్ల మీద బోర్లించి, ఫీజు ఎక్కువడిగారని నా దగ్గర మొరపెట్టుకుంటారు. ఆయన అడిగింది లెక్క కట్టినందుకు కాదండీ, చిక్కు తీసినందుకు. ఆ చిక్కు పడకుండా చూసుకోవడం మీ చేతిలో పని. రాత్రి పది నిమిషాలు చాలు. కొట్టుకు వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడు పెట్టండి. పిల్లల స్కూలు ఫీజు, సరుకు తెచ్చిన డబ్బు ఒకే ఖాతాలో కలిశాయా, విడదీసే గుమాస్తాకు జీతం ఇవ్వాల్సిందే.

కంప్యూటరంటే భయమా? 1986లో శ్యామ్‌సుందర్ గోయెంకా అనే వ్యాపారి, మిల్లులకు సరుకు, యంత్రాల భాగాలు అందించేవారు, తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క కొడుకు భరత్‌తోనే రాయించుకున్నారు. అదే ట్యాలీ. వ్యాపారి ఇంట్లో వ్యాపారి కోసం పుట్టిన సరుకు. మీకెందుకండీ బెరుకు? అదీ వద్దంటే ఎర్రట్ట పుస్తకం ఉండనే ఉంది.

సర్కారు ఇచ్చిన వెసులుబాట్లు మాత్రం వదలకండి. ఏడాది అమ్మకాలు కోటిన్నర దాటని కొట్టుకు జీఎస్టీలో కాంపోజిషన్ అనే పథకం ఉంది. అమ్మకం మీద 1 శాతం కట్టడం, మూడు నెలలకోసారి చిన్న లెక్క, ఏడాదికో రిటర్ను. కొన్న సరుకు మీద పన్ను తిరిగి రాదు, వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. అది చూసుకునే దిగండి. కాంపోజిషన్ కుదరకపోయినా, 5 కోట్ల లోపు వాళ్లు నెలనెలా కాకుండా మూడు నెలలకోసారి రిటర్ను వేసుకోవచ్చు. పన్ను మాత్రం నెలనెలా కట్టాలి. పన్నెండు రిటర్నులు నాలుగైతే ఫీజూ ఆ మేరకు దిగాలి, గట్టిగా అడగండి! ఆ రిటర్నుకు మన ఆంధ్ర, తెలంగాణ వాళ్లకు గడువు 22వ తేదీ, బెంగాల్ వాళ్లకు 24. రెండు రోజులు ఎక్కువ, అదృష్టవంతులు!

ఆదాయపు పన్నులోనూ అంచనా పద్ధతి ఉంది. రాబడి 2 కోట్ల లోపు ఉంటే అందులో 8 శాతం లాభమని చూపొచ్చు. బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వచ్చిన దానికి 6 శాతమే. నగదు రాబడి 5 శాతం దాటకపోతే 3 కోట్ల దాకా వర్తిస్తుంది. అప్పుడు ఆదాయపు పన్ను కోసం పెద్ద పుస్తకాలు రాయనక్కర్లేదు. కమీషన్ వ్యాపారానికి, కంపెనీలకు మాత్రం ఇది కుదరదు. ఒకసారి ఎంచుకుని మధ్యలో వదిలేస్తే ఐదేళ్లు మళ్లీ దొరకదు.

అన్నట్టు, 1944లో కలకత్తాలో పుట్టిన కాస్ట్ అకౌంటెంట్ల సంస్థకు సడ్డర్ స్ట్రీట్‌లో, ఇండియన్ మ్యూజియం పక్క వీధిలో, కార్యాలయం ఉంది. ఖర్చు లెక్కగట్టే విద్యకు ఈ ఊళ్లో అంత పెద్ద కొలువుంది!

ఇంతా చెప్పి ఆడిటర్ని మానేయమనడం లేదండోయ్. రోజువారీ పద్దు మీరు రాయండి. ఏ పద్ధతి మీకు లాభమో తేల్చడానికి, నోటీసొస్తే జవాబు రాయడానికి ఆయన దగ్గరికి వెళ్లండి. ఆ పనికి ఆయన అడిగిన ఫీజు చేతిలో పెట్టండి, అక్కడ బేరమాడొద్దు.