పంతొమ్మిది మంది సంగతి

ఐరిష్ కవయిత్రుల మీద పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడిగేవారు. క్రైస్తవం రాకముందు అక్కడంతా అమ్మవార్లేనట కదా, ఆడవాళ్ళకి చాలా గౌరవం ఉండేదట కదా అని. అడిగేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ గొంతుల్లో వినిపించే ఆశని నేను తక్కువ చెయ్యను. స్త్రీని శక్తిగా కొలిచిన లోకం ఎప్పుడో ఒకప్పుడు ఉండి ఉంటే, అలాంటి లోకాన్ని మళ్ళీ కట్టుకోవచ్చన్న ఆశ అది. కెల్టిక్ ఆధ్యాత్మికత పేరుతో పుస్తకాలూ యాత్రలూ అమ్ముడయ్యేది కూడా ఆ ఆశ మీదే.

పరిశోధన సాగేకొద్దీ నన్ను వెంటాడిన ప్రశ్న మాత్రం వేరు. దేవత ఉండేదా లేదా అని కాదు. ఉన్న దేవత ఎవరి చేతుల్లో ఉంది అని.

ముందు ఆ 'స్త్రీత్వం' అన్న మాటనే చూద్దాం. కెల్టు జాతిది ఆడ స్వభావమని 1854లో ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ రాశాడు. 1867లో మాథ్యూ ఆర్నాల్డ్ ఆ మాటని అందుకున్నాడు. వాళ్ళది సున్నితమైన మనసు, కవిత్వం వాళ్ళ సొత్తు, పరిపాలన మాత్రం వాళ్ళవల్ల కాదు - ఇదీ ఆ వాదన సారం. చూడ్డానికి పొగడ్తే. కానీ ఐర్లండుని ఇంగ్లండు ఏలుతున్న కాలంలో ఆ పొగడ్తకి అర్థమేమిటో, బెంగాలీలని ఆడంగివాళ్ళన్న మెకాలేని చదువుకున్న మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఇప్పుడు అందరికీ తెలిసిన కన్య, తల్లి, ముసలమ్మ అనే మూడు రూపాల దేవతని ప్రచారంలోకి తెచ్చింది కూడా 1948లో 'ది వైట్ గాడెస్' రాసిన రాబర్ట్ గ్రేవ్స్. పాత ఐరిష్ గాథల్లో దేవతలు ముగ్గురేసి కనిపించే మాట నిజమే. కానీ వాళ్ళని పెళ్ళికి ముందు, పిల్లల్ని కన్నాక, కనడం ఆగిపోయాక అని విడగొట్టలేదు. స్త్రీ జీవితాన్ని గర్భసంచి చుట్టూ కొలిచే చూపు అది. మనకి బాగా పరిచయమైన చూపే.

బ్రిజిడ్‌నే తీసుకోండి. సుమారు 900 నాటి కోర్మాక్ పదకోశం ఆమెని కవులు కొలిచే దేవత అంటుంది. అదే పేరుతో ఆమెకి ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు. ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరిపనికి. కవిత్వం, వైద్యం, కమ్మరం. ముగ్గురూ పనిమంతులే. ఏ ఒక్కరినీ తల్లి అన్న గుర్తింపుతో పరిచయం చెయ్యలేదు. అదే పేరుతో కిల్డేర్‌లో మఠం స్థాపించిందని చెప్పే క్రైస్తవ సెయింటు కూడా ఉంది. ఆమె పండగ ఫిబ్రవరి 1, అక్కడ వసంతం మొదలయ్యే రోజు. దేవతే సెయింటుగా మారిందా, సెయింటుకి దేవత కథలు వచ్చి చేరాయా అన్నది పండితుల మధ్య ఇంకా తేలలేదు.

7వ శతాబ్దంలో కొగిటోసస్ అనే సన్యాసి లాటిన్‌లో ఆమె జీవితకథ రాశాడు. అందులో ఒక మహిమ ఉంది. బ్రహ్మచర్య వ్రతం తీసుకున్న ఒక యువతి గర్భవతి అవుతుంది. బ్రిజిడ్ ఆమెని దీవిస్తుంది. పురుడు లేకుండా, నొప్పి లేకుండా గర్భం మాయమవుతుంది. 9వ శతాబ్దపు 'బెతు బ్రిగ్తె'లో ఇంకో కథ. మెల్ అనే బిషప్పు దైవకృప మత్తులో ఏం చదువుతున్నాడో తెలియక, ఆమెని బిషప్పుని చేసే ప్రార్థన చదివేస్తాడు. ఈనాటికీ స్త్రీలకి ఆ పదవి ఇవ్వని చర్చి తన పాత పుస్తకాల్లోనే దాచుకున్న కథలివి. వాటిని పూర్తిగా చెరిపెయ్యలేకపోయారు. చదవకుండా వదిలెయ్యడం మాత్రం తేలికైంది.

12వ శతాబ్దం చివర్లో గెరాల్డ్ ఆఫ్ వేల్స్ కిల్డేర్‌లోని ఆరని నిప్పు గురించి రాశాడు. పంతొమ్మిది మంది సన్యాసినులు రాత్రికొకరు చొప్పున దాన్ని కాపాడేవారట. ఇరవయ్యో రాత్రి కట్టెలు పక్కన పెట్టి, ఇక నీ నిప్పు నువ్వే చూసుకొమ్మని బ్రిజిడ్‌కే అప్పజెప్పేవారట. చుట్టూ ఉన్న కంచెని మగవాడెవడూ దాటకూడదట. ఈ కథ చెప్పేవాళ్ళంతా ఇరవయ్యో రాత్రి మహిమ దగ్గర ఆగిపోతారు. నన్ను పట్టుకున్నది మిగతా పంతొమ్మిది రాత్రులు. కట్టెలు మోసినవాళ్ళు, నిద్ర కాచినవాళ్ళు, బూడిద మధ్య కూర్చున్నవాళ్ళు. వాళ్ళలో ఏ ఒక్కరి పేరూ గెరాల్డ్ రాయలేదు. దేవత వంతు ఇరవైలో ఒకటి. మిగతాదంతా ఆడవాళ్ళ చాకిరీ.

ఆ పేరులేని ఆడవాళ్ళ జాడ మౌఖిక సంప్రదాయంలో దొరుకుతుంది. 1937 నుంచి 1939 దాకా ఐరిష్ జానపద సంఘం సుమారు 5,000 బడుల పిల్లల చేత పెద్దవాళ్ళ మాటలు రాయించింది. జనవరి 31 రాత్రి ఒక గుడ్డ ముక్కని ఆరుబయట పెట్టే ఆచారం ఐర్లండులో చాలాచోట్ల ఉండేది. ఆ రాత్రి అటుగా వెళ్ళే బ్రిజిడ్ దాన్ని తాకుతుందని నమ్మకం. ఆ గుడ్డని ఏడాదంతా దాచి తలనొప్పులకీ, కష్టమైన కాన్పులకీ వాడేవారు. నాకిది మూఢనమ్మకంగా కనిపించదు. డాక్టరు దూరంగా, పూజారి దగ్గరగా ఉన్న ఊళ్ళో ఆడవాళ్ళు తమకోసం తాము చేసుకున్న ఏర్పాటుగా కనిపిస్తుంది.

పదకోశాలూ, మఠాలూ, పల్లె ఆచారాలూ ఇలా ఉండగా, 20వ శతాబ్దపు జాతీయవాదం దేవతని వేరే పనికి పెట్టింది. యేట్స్, లేడీ గ్రెగరీ కలిసి రాసిన 'కాథ్లీన్ నీ హూలిహన్' 1902లో వేదిక ఎక్కింది. అందులో దేశం ఒక ముసలమ్మ. ఆమెకోసం మగపిల్లలు ప్రాణాలివ్వాలి. మూడేళ్ళకి అవనీంద్రనాథ్ ఠాగూర్ భారతమాతని చిత్రిస్తే, ఆ బొమ్మని ఆకాశానికెత్తిన సోదరి నివేదిత ఐర్లండులో పుట్టిన మనిషే. ఆమె 1900లోనే 'కాళీ ది మదర్' రాసింది. దేశాన్ని తల్లిని చేశాక తల్లులకి ఏం దక్కింది? 1937 ఐరిష్ రాజ్యాంగం స్త్రీ ఇంట్లో గడిపే జీవితాన్ని దేశానికి ఆధారమని మెచ్చుకుంది. పొగడ్తే మళ్ళీ. 1983లో ఎనిమిదో సవరణ గర్భిణి ప్రాణాన్నీ పిండం ప్రాణాన్నీ సమానం చేసింది.

ఆ సవరణ జరిగిన కొద్ది నెలలకే, 1984 జనవరి 31న, గ్రానార్డ్ అనే చిన్న ఊళ్ళో పదిహేనేళ్ళ ఆన్ లవెట్ మేరీమాత విగ్రహం పాదాల దగ్గర ఒంటరిగా బిడ్డని కన్నది. బిడ్డ చనిపోయాడు. ఆ సాయంత్రానికే ఆమె కూడా చనిపోయింది. తేదీ గమనించండి. బ్రిజిడ్ కోసం గుడ్డ బయట పెట్టే రోజు అది. దేశమంతా ఒక తల్లి విగ్రహాలున్నాయి, ఇంకో తల్లి ఆచారాలున్నాయి. ఆ పిల్ల తన సంగతి చెప్పుకోడానికి మాత్రం ఒక్క చోటు లేకపోయింది. ఆ తర్వాత గే బర్న్ రేడియో కార్యక్రమానికి ఆడవాళ్ళు ఉత్తరాలు రాశారు. ఏళ్ళ తరబడి దాచుకున్న తమ కాన్పులు, తమ నష్టాలు. రేడియోలో వాటిని ఒకదాని తర్వాత ఒకటి చదివారు. తర్వాత పౌలా మీహన్ ఆ విగ్రహం చేతే మాట్లాడిస్తూ కవిత రాసింది. నా థీసిస్‌లో రాయడానికి నాకు అన్నిటికన్నా ఎక్కువకాలం పట్టిన అధ్యాయం అదే.

2012 అక్టోబరు 28న గాల్వేలో సవితా హలప్పనవర్ చనిపోయింది. బెళగావి నుంచి వెళ్ళిన దంతవైద్యురాలు, 31 ఏళ్ళు. గర్భం నిలవదని తేలినా, పిండం గుండె కొట్టుకుంటోందని అబార్షన్ చెయ్యలేదు. మన పొరుగు రాష్ట్రపు అమ్మాయి మరణం కూడా ఒక కారణమై, 2018 మే 25న 66.4 శాతం ఓట్లతో ఆ సవరణ రద్దయింది. అప్పటి చర్చల్లో కొగిటోసస్ రాసిన మహిమని గుర్తుచేసినవాళ్ళున్నారు. వెయ్యేళ్ళు దాటిన కథ ఆడవాళ్ళ చేతిలోకి వచ్చాక మాట్లాడింది.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు మా మేనత్త గుర్తొచ్చేది. పోలేరమ్మ జాతరలో ఆమెకి ఏటా పూనకం వచ్చేది. ఆ గంటసేపు మా మామయ్య చేతులు కట్టుకు నిలబడేవాడు. తాగొద్దని అత్త అరిస్తే తాగనని ఒట్టేసేవాడు. తన నోటితో అడగలేనివన్నీ అమ్మవారి నోటితో అడిగేదామె. ఆ గంటని నేను చిన్నచూపు చూడను, ఆమెకి దొరికింది అదొక్కటే. కానీ మర్నాడు పొద్దున్న ఆమె ఒంటిమీద దెబ్బలు పోలేరమ్మవి కావు, అత్తవే. ఇరవయ్యో రాత్రి ఒక్కటే ఉండి, మిగతా పంతొమ్మిది రాత్రుల సంగతి ఎవరూ పట్టించుకోకపోతే పూజ ఇలాగే ఉంటుంది.

పట్టించుకున్నవాళ్ళు లేకపోలేదు. 1908లో ఓటుహక్కు కోసం ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్‌ని స్థాపించినవాళ్ళలో ఒకరు, అందుకోసం జైలుకి కూడా వెళ్ళిన మార్గరెట్ కజిన్స్, 1915లో ఇండియా వచ్చి మన మదనపల్లెలో పాఠాలు చెప్పింది. 'జనగణమన'కి 1919లో అక్కడ ఆమె స్వరలిపి రాసిందని చెప్పుకుంటాం. స్త్రీల సంఘాలు కట్టిన సంగతి అంతగా చెప్పుకోం.

1993లో బ్రిజిడైన్ సన్యాసినులు కిల్డేర్ నిప్పుని మళ్ళీ వెలిగించారు. 2023 నుంచి బ్రిజిడ్ పేరున ఐర్లండులో ప్రభుత్వ సెలవు ఉంది. స్త్రీ పేరు మీద అక్కడ వచ్చిన మొదటి సెలవు అదే. మరుసటి ఏడాది మార్చి 8న, రాజ్యాంగంలోని 'ఇంట్లో స్త్రీ' మాటలు తీసెయ్యాలా అని జనాన్ని అడిగారు. దాదాపు 74 శాతం వద్దన్నారు. దాని బదులు పెట్టబోయిన వాక్యం సంరక్షణ భారాన్ని కుటుంబం మీదే వదిలేస్తుందని వికలాంగుల హక్కుల కార్యకర్తల్లో కొందరు కూడా వ్యతిరేకించారు. సెలవు వచ్చింది, ఆ మాటలూ ఉండిపోయాయి.

మన దగ్గర గ్రామదేవతల మీద ప్రాజెక్టులు చేసే విద్యార్థినులు ఈ మధ్య పెరిగారు. సంతోషమే. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి ఒకటే చెప్తున్నాను. అమ్మవారి మహిమలు రాసుకోండి, పాటలు రికార్డు చేసుకోండి. గుడి ఊడ్చే ఆమె పేరేమిటో, ఆమెకి ఏమిస్తారో, ఇంటికెళ్ళాక ఆమె పరిస్థితి ఏమిటో కూడా అడిగి రాసుకోండి. దాన్ని అనుబంధంలో కాదు, మొదటి అధ్యాయంలో పెట్టండి.