ఇంటర్వ్యూ గదిలో అమానతు

మేనేజరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనగానే మన పిల్లలను ముందుగా పట్టుకునేది ఇంగ్లీషు భయం. రావులపాలెం నుండి హైదరాబాదు వెళ్ళిన మా అన్నదమ్ములిద్దరికీ మొదట ఆ భయమే ఉండేది. తీరా అక్కడ మమ్మల్ని నిలబెట్టి అడిగిన ప్రశ్నకు భాషతో పని లేదు.

నిత్యావసర వస్తువులు తయారుచేసే ఒక పెద్ద కంపెనీలో ఏరియా సేల్స్ మేనేజరు పోస్టులవి. గ్రూప్ డిస్కషన్, హెచ్.ఆర్. వారి ప్రశ్నలు, చివరగా రీజినల్ మేనేజరుతో ముఖాముఖి. మొదటి రెండింటిలో మా ఊరి అరటి మార్కెట్టే మాకు అండగా నిలిచింది. సైకిళ్ళ మీద వచ్చే గెలలను చూసి కర్పూర చక్రకేళీ, అమృతపాణి రకాలను వేరు చేయడం, ధర తేల్చడం, కాయ పండకముందే ఒడిశాకో తమిళనాడుకో చేరేలా లారీకి ఎత్తించడం నాన్నగారి వెంట ఉండి నేర్చుకున్నాము. సరుకును, సమయాన్ని, మనుషులను నడపడమే మేనేజ్‌మెంటు అయితే మేము దానికి కొత్తవారము కాము. ఆ మాటే సంకోచం లేకుండా చెప్పాము.

చివరి గదిలోకి విడివిడిగా పిలిచినా, ఇద్దరినీ అడిగింది ఒకటే. నెలాఖరుకు మూడు రోజులే ఉంది, టార్గెట్ అందలేదు, ఏం చేస్తారు? ఇంకా వెళ్ళని దుకాణాలకు వెళ్ళి ఆర్డర్లు తెస్తామని, అప్పటికీ తక్కువైతే ఆ తక్కువనే పైవారికి తెలియజేస్తామని అన్నాము. "డీలరు అడగకపోయినా ముందు బిల్లు వేసి, వచ్చే నెల సరుకు వెనక్కి తీసుకోవచ్చు కదా?" అన్నారాయన. జరగని అమ్మకాన్ని జరిగినట్లు వ్రాయలేమని బదులిచ్చాము. ఆ తరువాత మాకు కబురు రాలేదు. ఆ జవాబే కారణమో కాదో ఎవరూ చెప్పలేదు.

చెల్లెలి నికాహ్ దగ్గరపడుతున్న రోజులవి. "ఒక్క మాట సర్దుకుంటే పోయేదేమిటి, నాయనా?" అని అమ్మ అడిగింది. తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదది. ఇంటి బరువు మోసేవారికే అందులోని బాధ తెలుస్తుంది.

ఆ రాత్రి మేము యూసుఫ్ సూరా తెరిచాము. ఈజిప్టు రాజు ఎదుట ధాన్యాగారాల బాధ్యతను హజ్రత్ యూసుఫ్ (అలైహి) తామే కోరారు. తమకు కాపాడే గుణమూ ఉంది, తెలివిడీ ఉంది అని విన్నవించుకున్నారు (12:55). వినయం పేరుతో సామర్థ్యాన్ని దాచలేదు. లేనిదేదీ కలుపుకోలేదు. మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అలైహి)ను పనిలో పెట్టుకొమ్మని తండ్రికి సూచించిన అమ్మాయి కూడా బలాన్నీ, నమ్మకస్తుడన్న గుణాన్నీ కలిపే చెప్పింది (28:26). హజ్రత్ ఖదీజా (రజి) తన సిరియా వర్తకాన్ని దైవప్రవక్త (సల్లం)కు అప్పగించింది ఆయన నిజాయితీని విని కాదా?

నమ్మకం లేని సామర్థ్యం ఏమవుతుందో మన హైదరాబాదే చూసింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ స్వయంగా వ్రాసి ఒప్పుకున్నారు. లేని లాభాన్ని ఒక మూడు నెలల లెక్కలో చూపితే, దాన్ని కప్పడానికి తరువాతి లెక్కలోనూ చూపవలసి వస్తుంది. అడగని డీలరుకు వేసే బిల్లు కూడా ఆ దారిలో ఒక అడుగే.

అమ్మకు మేము చెప్పింది ఇంతే. జీతం ఇచ్చేది కంపెనీయే అయినా, ఉపాధి ప్రదాత అల్లాహ్. మనం పలికే ప్రతి మాటా ఆయన ఎదుట సాక్ష్యమే. అమ్మ ఇంకేమీ అనలేదు, మరునాడు తెల్లవారుజామున మార్కెట్టుకు బయలుదేరుతుంటే టీ పెట్టి ఇచ్చింది.

ఇంటర్వ్యూలకు వెళ్ళే సోదర సోదరీమణులారా! మీకు వచ్చిన పనిని తగ్గించి చెప్పకండి, రానిదాన్ని వచ్చునని చెప్పకండి. మేము మరల దరఖాస్తులు పెడుతూనే ఉన్నాము. హలాల్ సంపాదనకు అల్లాహ్ మనందరికీ దారి చూపుగాక! ఆమీన్.