ఖాళీ డబ్బా తిరిగిరాదు

కేకు చెయ్యడం పెద్ద విద్యేం కాదండీ. దాన్ని ఇంకొకరింటికి పంపడంలోనే వుంది అసలు తంటా!

బజారు కేకయితే అట్టపెట్టె, మెరుపు కాగితం, రిబ్బను. విప్పిన మరుక్షణం అదంతా చెత్తలోకి. మా ఉప్పాడలో అయితే ఆనక సముద్రంలోకి. మిఠాయి పెట్టెలకి చుట్టే ప్లాస్టిక్ పొరని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా పండగ వెళ్లిన వారం మా ఒడ్డుకి వచ్చి చూడండి, అలలు ఏమేం తెచ్చి పడేస్తాయో!

అందుకని నేను గుడ్డలోనే కడతాను. ఉప్పాడ గుడ్డ అనగానే జాందానీ చీర గుర్తొస్తుంది కదూ? 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పువ్వుల్ని మగ్గం మీదే చేత్తో నేస్తారు గనక ముందూ వెనకా ఒకేలా వుంటాయి. అంతమాత్రాన పట్టుతో కేకు కట్టకండి తల్లీ! నెయ్యి మరక పడిందంటే ప్రాణం వుసూరుమంటుంది. పాత నూలు పంచె చింపి అంచు కుట్టుకుంటే చాలు. కొత్త గుడ్డయితే గంజి పోయేలా వుతికి వాడండి. కేకు పూర్తిగా చల్లారాలి, లేకపోతే చెమర్చి అడుగు తడుస్తుంది. లోపల వేసే అరిటాకుని పొయ్యి సెగకి ఒక్కసారి చూపిస్తే మెత్తబడి, మడిచినా చిరగదు. గుడ్డకంటిన నెయ్యి జిడ్డంటారా, శనగపిండికీ కుంకుడు రసానికీ లొంగుతుంది.

బిస్కట్లకి మాత్రం వుత్త గుడ్డ పనికిరాదు. మా సముద్రపు గాలికి సాయంత్రానికల్లా మెత్తబడి కూచుంటాయి. వాటికి స్టీలు డబ్బా, గుడ్డ దానిపైన. డబ్బామీద మా అమ్మ పేరు కొట్టించి వుంటుంది. గొప్పకోసం కాదు లెండి, వెళ్లిన సామాను ఇల్లు తెలుసుకుని రావడానికి! ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని మన పెద్దవాళ్ల మాట. గుప్పెడు పంచదారయినా వేసి పంపేవారు.

మా అమ్మాయి ఒప్పుకోదు. "తిరిగివ్వాల్సిన వస్తువిచ్చి వాళ్ల నెత్తిన అప్పు పెడతావేంటమ్మా?" అంటుంది. న్యాయం లేకపోలేదు. కాకినాడలో దాని అపార్టుమెంటు ఎదురింటావిడ ఆ గుడ్డని వుతికి, ఇస్త్రీ చేసి, ఆలస్యమయిందని నాలుగుసార్లు నొచ్చుకుని మరీ ఇచ్చిందిట. అందుకని కొత్తవాళ్లకి "గుడ్డ కూడా మీకేనండీ" అనేస్తాను. తెలిసినవాళ్లకి అననే అనను.

మా పక్కింటి వదినగారిది మగ్గమున్న ఇల్లు. డిసెంబరులో నేను పంపిన బిస్కట్ల డబ్బా సంక్రాంతికి జంతికలతో తిరిగొచ్చేది. సముద్రం ఒడ్డు కోసుకుంటూ వచ్చి వాళ్ల పెరటిగోడ కూలాక పిఠాపురం వెళ్లిపోయారు. డబ్బా వాళ్లతోనే వెళ్లింది. "ఇంకోటి కొనుక్కోరాదూ?" అంటారు మావారు. కొనొచ్చు. కానీ అది అక్కడున్నన్నాళ్లూ వదినగారికి మా ఇంట్లో పనున్నట్టే కదా!

మొన్న ఆవిడే ఫోను చేసి, మా మరిది చేత డబ్బా పంపించనా అని అడిగారు.

"వద్దొదినా, మీరే తీసుకురండి" అన్నాను.

మగ్గం మీదున్న చీర దింపి వస్తామన్నారు. ఇంకా రెండు మూరలుందిట.