నాయిన చెప్పిన డైలాగు

సినిమా వేషం కావాలంటే మద్రాసు రైలెక్కాలని, కోడంబాకం వీధుల్లో చెప్పులరిగేదాకా తిరగాలని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడా బాధ లేదు. ఇంట్లోనే సెల్‌ఫోన్ ముందు రెండు నిమిషాలు ఏడ్చి, ఆ వీడియో పంపిస్తే చాలు. చెప్పులరగవు. మనిషే కాస్త అరుగుతాడు. అనుభవం మీద చెప్తున్న మాట ఇది.

మాది ఖిల్లా ఘణపూర్. కాకతీయుల నాటి గోన గణపరెడ్డి పేరుతో ముడిపడిన కోట గుట్ట మీద, గణపసముద్రం చెరువు కింద. ఆ గోన వంశపు గన్నారెడ్డి పాత్రను 2015లో ‘రుద్రమదేవి’లో అల్లు అర్జున్ వేశాడు. అప్పుడు నేను చిన్నబడిలో ఉన్నాను. మావాళ్ల వేషం మాలో ఒకడు ఎందుకు వేయకూడదన్న పురుగు అప్పుడే తొలిచింది. తర్వాత ఇంకో సంగతి తెలిసింది. 1965లో ఆదుర్తి సుబ్బారావు ‘తేనె మనసులు’ కోసం కొత్తవాళ్లను వెతికి తీసుకున్నప్పుడు హీరో అయిన కృష్ణ కూడా బీఎస్సీనే, రైతుబిడ్డే! ఇక నన్నాపేదెవరు?

పోయిన దసరా సెలవుల్లో ఒక ఆడిషన్ ప్రకటన చూశాను. ఫోను అడ్డంగా పెట్టాలి. పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పాలి. ముఖం ఎదురుగా, కుడివైపు, ఎడమవైపు చూపించాలి. వెనక సాదా గోడ ఉండాలి. తర్వాత వాళ్లిచ్చిన సీను. (డబ్బు కట్టమన్న ఆడిషన్ జోలికి మాత్రం పోకండి తమ్ముళ్లారా, పని ఇచ్చేవాడు ముందే ఫీజు అడగడు.)

పల్లి బస్తాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఫోను నిలబెట్టాను. కిటికీ వెలుగు ముఖమ్మీద పడేటట్టు నిలబడ్డాను. ఫోను దూరం జరిపితే గొంతు తగ్గి, గది మోతే మిగిలింది. దూరం రెట్టింపైతే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, అర్థమైంది మాత్రం ఆ రోజే. గోడకు గొంగడి వేలాడదీస్తే మోత తగ్గింది. కోళ్లను అవ్వ అదిలించింది. ట్రాక్టరు పోయేదాకా ఆగాం.

సీనేమిటంటే, పల్లెటూరి కొడుకు పట్నం పోతానంటాడు, తండ్రి వద్దంటాడు. తండ్రి మాటలు చదవడానికి కెమెరా ఇవతల ఒకరు కావాలి. నాయినను పిలిచాను. కాలేజీ ప్రాక్టికల్ అని చెప్పాను.

ఐదో తరగతి చదివిన నాయిన కాగితం కండ్లకు దగ్గరగా పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. రాసినోళ్లది పుస్తకాల తెలుగు, ఆయన నోరు తిరగదు. నాలుగు టేకులు పోయాయి. ఐదోసారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“గట్టు కింది చెలక అమ్ముదామనుకుంటున్న బిడ్డా. అప్పు మిత్తి పెరుగుతున్నది. నీ చదువు అయినంక చెప్దామనుకున్న. నువ్వు యాడికన్న పో, ఏమన్న కా. గని అబద్ధం జెప్పి పోకు. కాలేజీల గిట్ల ఏడ్వమంటరారా?”

నా డైలాగు మరిచిపోయాను. “మొత్తం చెలకనా?” అన్నాను. ఆయన మాట్లాడలేదు. నా కండ్లల్ల నీళ్లొచ్చాయి.

సిగ్గు విడిచి ఒక నిజం చెప్తాను. ఆ క్షణాన నా మనసులో మెదిలిన మొదటి మాట చెలక గురించి కాదు. ముఖం ఫ్రేములో ఉందా, ఫోను ఇంకా తీస్తున్నదా అని! మనిషి అరుగుతాడని ఇందుకే అన్నాను.

రాత్రి డాబా మీద కూర్చుని ఐదు టేకులూ చూశాను. ఐదోదాంట్లో నేను నటించలేదు, అందుకే అది బాగుంది. గడువు పన్నెండు గంటలకు. అది పంపిస్తే వేషం వస్తుందేమో! కాని అందులో ఉన్నది మా అప్పు, మా నాయిన గొంతు. అడగకుండా అమ్ముకోవడానికి అవి నావి కావు. మూడో టేకు పంపించాను. జవాబు రాలేదు. రాకపోవడమే జవాబని ఈ విద్యలో ఉన్నవాళ్లంటారు.

చెలక ఇంకా ఉంది. యాసంగికి పల్లి వేశారు. ఈ పంట చేతికొస్తే మిత్తి కడదామంటున్నాడు నాయిన. ఆదివారాలు ఇంటికి పోయి కలుపు తీస్తున్నాను. ఐదో టేకు ఫోనులోనే ఉంది. దాన్ని చెరపలేను, ఎవరికీ చూపలేను.

సంక్రాంతికి ఇంకో ప్రకటన వచ్చింది. ఈసారి ముందే నాయినకు చెప్పాను, వేషం కోసమేనని. ఆయన తలపాగా విప్పి దులుపుకుంటూ అన్నాడు:

“చెయ్ గని, ఈసారన్న తండ్రికి మాటలు తక్కువున్నది సూడు.”