కార్జం ముక్క

ఆదివారం మటన్ వండితే, గిన్నెలో ముక్కలెన్ని ఉన్నాయో గరిటె తిప్పగానే నాకు తెలిసిపోతుంది. ఎవరికెన్ని వెయ్యాలో ఇరవై రెండేళ్లుగా నా చేతికి అలవాటు. కార్జం కొడుక్కి, మూలుగ బొక్క మామకి, మెత్తటి ముక్కలు ఆయనకి. నాకూ, మా అత్తకూ, కూతురికీ పులుసు బాగా పడుతుంది. సంగటిలోకి పులుసే కదా రుచి అని మాకు మేమే చెప్పుకుంటాం.

పోయిన నెల కూతురి కాలేజీలో రక్తపరీక్షలు చేశారు. హిమోగ్లోబిన్ 8.6. మెట్లెక్కితే ఆయాసం అంటుంటే, రాత్రంతా ఫోన్ చూస్తావు కాబట్టి అని తిట్టేదాన్ని. డాక్టరమ్మ మాత్రలు రాసి, "మాంసం తింటావా పాపా?" అని అడిగింది. "తింటా మేడం. పులుసు" అంది ఇది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మా అమ్మగారింట్లో నేను పెద్దమనిషినయ్యేదాకా అన్న పక్కనే కూర్చుని, వాడితో పోట్లాడి మరీ తిన్నాను. ఆ తర్వాత అమ్మతో పాటు వెనక తినడం మొదలైంది. తినొద్దని ఎవరూ అనలేదు. కూర్చునే వరస మారింది, అంతే. అప్పట్లో పండగకో జాతరకో పొట్టేలు కోసి, కుప్పలు వేసి పంచుకునేవాళ్లు. వచ్చేదే కొంచెం. వెనక తినేవాళ్లకు ఏం మిగులుతుంది?

పెళ్లయ్యాక నాకోసమని మాంసం వండింది రెండుసార్లే, రెండు కాన్పులకు. కాళ్ల పులుసు పెట్టారు. అదీ బిడ్డకు పాలు పడాలని!

ఇంక వారాలు చూడండి. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకి, శుక్రవారం లక్ష్మికి, శనివారం వెంకన్నకి. కార్తీకం సరేసరి. మా ఆయన శనివారం ఒక్కటే పాటిస్తాడు. ఇంట్లో వండని రోజు బయట తినే దారి ఆయనకుంది. మా వీధిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఆడవాళ్లున్నారు. పొద్దుగూకేదాకా మిషను తొక్కి, మొగుడితో సమానంగా సంపాదించే మనిషి కూడా ఇంటికొచ్చి గరిటె పట్టుకుంటే నాలాగే వడ్డిస్తుంది. అడిగి చూశాను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మనకు 29. నెలనెలా పోయేది మనకే కదా. ముట్లు ఆగిపోయాక ఆ అవసరం తగ్గుతుంది. అంటే ఒంటికి బాగా కావాల్సిన వయసులోనే మనం వెనక కూర్చుంటున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు మగవాళ్లలో వారానికోసారైనా మాంసమో చేపో తినేవాళ్లు వందకు 57 మంది, ఆడవాళ్లలో 45 మంది. అదే సర్వేలో రక్తం తక్కువున్న ఆడవాళ్లు వందకు 57 మంది, మగవాళ్లు 25 మంది. ఇదంతా మాంసం వల్లే అనను. మాంసం ముట్టని ఇళ్లల్లో ఆకుకూర, పప్పు మీద నిమ్మకాయ పిండుకుని తింటే ఇనుము బాగా పడుతుంది. కానీ మాంసంలోది ఒంటికి ఇంకా తేలిగ్గా పడుతుంది. అది వండే ఇంట్లో, గరిటె నా చేతిలోనే ఉండి, నా బిడ్డకు ఈ గతి పట్టింది. అత్త మీద తోసేద్దామంటే, ఆమె గరిటె వదిలి పదేళ్లయింది.

మొన్న ఆదివారం కూతుర్ని తమ్ముడి పక్కనే కూర్చోబెట్టి, కార్జం దాని కంచంలో వేశాను. "అమ్మా, నాకు?" అన్నాడు వాడు. "ఈ వారం అక్కకి." మామ ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ సంగటి కలుపుకున్నాడు.

రెండు ముక్కలు దాచి, మేం తినేటప్పుడు అత్తకు వేశాను. "వద్దు మే, నాకు కార్జం ఇష్టం లేదని తెలుసు కదా" అంది. కాపురానికొచ్చినప్పటి నుంచీ వింటున్న మాటే. అయినా తీయలేదు. ఆమె కాసేపు వేలితో కదిపి, నోట్లో పెట్టుకుంది.

"చిన్నప్పుడు మా నాయన నిప్పుల మీద కాల్చి, ఉప్పు చల్లి, నాకే ఇచ్చేవాడు" అంది. రెండోది కూడా తిని, గిన్నె వైపు చూసి, "ఇంకా ఉందా?" అని అడిగింది.

లేదు. వచ్చే వారం కార్జం వేరేగా అరకిలో తెమ్మని ఆయనకు చెప్పాను.